ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారు

ఒంగోలు సీమలోని క్రైస్తవ సంఘముల చరిత్రను చెప్పువారు తఱచుగా దూరదేశమునుండి వచ్చిన దొరల పేళ్లతో ఆరంభింతురు. ఆ దొరల సేవ మిక్కిలి గొప్పది. అయినను వారి బోధ మాదిగపల్లెల గడప దాటుటకు దారి చూపినవాడు ఆ పల్లెలోనే పుట్టి, తోళ్లబేరము చేసి బ్రదికిన యొక సామాన్య గృహస్థుడు. ఆయనయే ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారు. అధికారము గాని, ధనము గాని, కులబలము గాని లేనివాడు భయమునకు లోబడక యెట్లు నిలువగలడో తెలిసికొనగోరువారు ఆయన జీవితమును చదువవలెను.

పేరయ్యగారి యూరు తలకొండపాడు. ఇది ఒంగోలునకు పడమటగా సుమారు 40 మైళ్ల దూరమున నున్నది. ఆ కాలమున ఆ ప్రాంతము నెల్లూరు జిల్లాలోనిది. 1970వ సంవత్సరమున ఏర్పడిన ఒంగోలు జిల్లాయే పిమ్మట ప్రకాశము జిల్లా యయ్యెను. మెట్టపంటల దేశమగుటచే అచ్చట రైతునకు నూతినీరే ప్రాణము. ఆ నీటిని తోడు కపిలబానను కుట్టువాడు మాదిగ. ఎద్దుల మెడపట్టెలను, కాలి చెప్పులను సిద్ధపఱచువాడును అతడే. ఇందుకు ప్రతిఫలముగా కళ్లమువద్ద అతనికి కొంత ధాన్యము మేరగా కొలిచెడివారు. ఊరిలో పశువు చచ్చినచో దాని తోలును మాంసమును అతని పాలు. గ్రామదేవత కొలుపులలో డప్పు కొట్టుటయు అతని విధియే. కూడు, పని, దేవతారాధనము, ఈ మూడును ఒక్క త్రాటి పేటలవలె పెనవేసికొనియుండెను. ఒక పేటను తెంపగోరినవానికి త్రాడంతయు తెగునను భయముండెను.

పేరయ్యగారు యౌవనమునుండియు దైవచింత గలవారు. మశూచికమో, వాంతిభేదియో వచ్చినప్పుడు అమ్మవారికి బలులిచ్చి ఊరడిల్లుటతో ఆయన మనస్సు తృప్తి చెందలేదు. రాజయోగ మార్గమున ఉపదేశము పొంది, ఏకాంతమున కూర్చుండి, ఇంద్రియములను నిగ్రహించి ధ్యానము చేయుచుండెడివారు. ఆ దినములలో కులభేదమును పాటింపని కొందఱు గురువులు మన పల్లెలలో సంచరించుచు, విగ్రహములకు అతీతమైన పరమాత్మ యొక్కడే కలడని బోధించుచుండిరి. ఆ బోధ వలన పేరయ్యగారి హృదయము దున్నిన నేలవలె సిద్ధపడియుండెను.

తోళ్ల వ్యాపారము నిమిత్తము ఆయన ఉత్తరదిశగా ఏలూరు ప్రాంతమువఱకు పోవుచుండెను. అట్టి ప్రయాణములలోనే యేసుక్రీస్తును గూర్చిన బోధ మొదటిసారి ఆయన చెవిని పడెను. తాను వెదకుచున్న దేవుడు ఈయనయే యని ఆయనకు తోచెను. ఇంటికి వచ్చి యూరకుండక, ఈ మార్గమును మఱింత చక్కగా తెలుపగలవారిని వెదకుచు ఒంగోలు చేరెను. 1866వ సంవత్సరమున ఆయనయు, ఆయన భార్య నాగమ్మగారును జూయెట్ దొరగారి చేతులమీదుగా బాప్తిస్మము పొందిరి.

ఇచ్చట మిషను చరిత్రను కొంచెము చెప్పవలసియున్నది. అమెరికా బాప్తిస్టులు 1840వ సంవత్సరమున నెల్లూరిలో పని నారంభించిరి. చాల సంవత్సరములు గడచినను ఫలము మిక్కిలి స్వల్పముగా నుండుటచే, 1853లో ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలో చర్చ జరిగెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులును, కొలదిమంది తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండపై మోకరించి, ఈ సీమకు ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురమునకు వచ్చుట 1866 సెప్టెంబరు నెలలో జరిగెను. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపింపబడెను.

అప్పటికే పేరయ్యగారు ఊరకుండలేదు. బాప్తిస్మము పొందిన నాటినుండి తన యూరిలోను, చుట్టుపట్ల పల్లెలలోను చుట్టముల యిండ్లకు పోయి, తాను కనుగొన్నదానిని చెప్పుచుండెను. ఆయన పిలుపు మీద 1867 జనవరిలో క్లౌ దొరగారు తలకొండపాడు పోయిరి. ఇరుగుపొరుగు పల్లెలవారు కొందఱు తిండిమూటలు కట్టుకొని వచ్చి, కొన్ని దినములు అచ్చటనే యుండి బోధ వినిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. వారి మనస్సులను ముందుగా సిద్ధపఱచినది పేరయ్యగారి కాలినడకయే యని గ్రహింపవలెను.

కష్టము అప్పటినుండి ఆరంభమయ్యెను. క్రొత్తగా చేరినవారికి క్లౌ దొరగారు విధించిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేటి విద్యార్థులకు ఇవి తేలికగా తోచవచ్చును. కాని పైన చెప్పిన త్రాటిని జ్ఞాపకము చేసికొనుడు. ఆదివారము బాన కుట్టనన్నచో రైతునకు కోపము వచ్చును. కొలుపులో డప్పు కొట్టనన్నచో ఊరంతటికిని కోపము వచ్చును. ఆ సంవత్సరము వాన కురియకున్నను, రోగము వచ్చినను ఆ నింద డప్పు మానినవానిమీదనే పడును. చచ్చిన పశువు మాంసము విడిచినచో ఆకలి దినములలో దొరకెడి యొక్క ఆహారమును పోవును. ఈ విధముగా ఆ మూడు నియమములును విశ్వాసి కూటికుండ మీదికే వచ్చెను.

గ్రామపెద్దలు, కరణములు అనేక స్థలములలో ఈ మార్పును సహింపలేదు. తరతరములుగా నడచుచున్న కట్టు చెడినచో ఊరే చెడునని వారు నిజముగా భయపడిరి. కావున విశ్వాసులను నీళ్లకు రానీయకపోవుట, పొలములో పని యీయకపోవుట, అంగడిలో సరుకు అమ్మనీయకపోవుట, దొంగనేరములు మోపుట మొదలగు నుపాయములను పన్నిరి. భయపడి వెనుకకు మఱలినవారును కొందఱు లేకపోలేదు. అయినను చాలమంది నిలిచిరి. వారు మిషను బంగళాను ఆశ్రయించి దాగియుండలేదు. క్రైస్తవుడు తన యూరిలోనే, తన వృత్తిలోనే యుండి సాక్ష్యమీయవలెనని క్లౌ దొరగారి పద్ధతి. తిట్టినవాని బానను మఱునాడు తానే కుట్టవలసియున్నప్పుడు, పగ పెట్టుకొనక, నియమము విడువక మెలగుట యెంత కష్టమో ఆలోచింపుడు.

ఈ పరీక్ష పల్లెవారికి మాత్రమే వచ్చినది కాదు. మాదిగవారిని చేర్చుకొన్నయెడల తాము రాజాలమని ఒంగోలులోని అగ్రకులములవారు చెప్పగా, క్లౌ దంపతులు కలవరపడిరి. ఆ వేళ భార్యాభర్త లిద్దఱును వేర్వేఱు గదులలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండ, వేదపుస్తకమును తెఱవగా, ఇద్దఱి కన్నులును మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయపు చివరి భాగముపైననే పడెనట. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పఱచుకొనెనని తెలుపు భాగమది. దానితో వారి సందేహము తీఱెను. ఉన్నత కులముల బాలురు పాఠశాలను విడిచిపోయినను వారు పల్లెవారిని విడువలేదు.

పేరయ్యగారు బోధకులై ఊరూరను తిరుగుచుండిరి. పూర్వము శిష్యుల యిండ్లకు గురువు పోయినట్లే ఆయనయు పోయి, వారు పెట్టినది భుజించి, రాత్రివేళ దీపము చుట్టు కూర్చుండబెట్టి బోధించుచుండెను. రాజయోగమునందు అలవడిన నిగ్రహమును, శాంతమును ఆయనను విడిచిపోలేదు. అవియే క్రీస్తుసేవకు వినియోగపడెను. బోధకులందఱును మూడు నెలలకొకసారి ఒంగోలులో కూడి, తమ కష్టసుఖములను ఒండొరులతో చెప్పుకొని, ధైర్యము తెచ్చుకొని మఱల తమ పల్లెలకు పోవుచుండిరి. ఒంటరిగా నున్నవాని భయము పదిమందిలో సగమగునని ఆ కూటములవలన వారు నేర్చుకొనిరి.

1876వ సంవత్సరమునుండి 1878 వఱకు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. అప్పుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలకొలది బీదలకు కూలి కల్పించిరి. బోధకులు మేస్త్రీలై పని చేయించుచు, విరామవేళలందు సువార్త చెప్పిరి. ఎందఱో బాప్తిస్మము కోరినను, కూటికొఱకు వచ్చిరను మాట రాకుండుటకై క్షామము తీఱువఱకు ఎవ్వరికిని ఈయలేదు. పిమ్మట 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య 9,606కు చేరెను. పండ్రెండేండ్ల క్రిందట నాగమ్మ పేరయ్య లిద్దఱితో మాదిగపల్లెలలో మొదలైన సన్నని కాలిబాట నాటికి బండ్లబాట యయ్యెను.

విద్యార్థులారా! పేరయ్యగారు సింహముల గుహలో పడవేయబడలేదు, రాజసభలో నిలువబెట్టబడలేదు. ఆయనకును ఆయన వారికిని కలిగిన శోధన నూతిగట్టున, కళ్లమున, అంగడివీథిని, ప్రతిదినమును ఎదురగుచుండెను. పెద్ద శోధనకు ఒక్కనాటి ధైర్యము చాలవచ్చును. చిన్న శోధనలు నిత్యమును వచ్చునవి గనుక వానికి నిత్యధైర్యము కావలెను. తోడివారు నవ్వుదురని అబద్ధమాడుట, బలవంతుని ముఖము చూచి న్యాయమును విడుచుట మనకును ఎదురగు శోధనలే. భయమే కలుగకుండవలెనని యెవ్వరును కోరజాలరు. భయము కలిగిన వేళ ఏది విడువరాదో దానిని విడువకుండుటయు, ఎదిరించినవానిని ద్వేషింపకుండుటయు మనచేతిలో నున్నవి. ఈ నల్లరేగడి సీమలో మన తాతల కాలమున ఒక తోళ్ల వర్తకుడు ఆ పాఠమును బ్రదికి చూపెను. తల్లిదండ్రులు దీనిని బిడ్డలకు చెప్పుదురు గాక. బిడ్డలు దీనిని తమ నడతలో వ్రాసికొందురు గాక.