ఇ. స్టాన్లీ క్రాఫర్డ్

ఎర్నెస్ట్ స్టాన్లీ క్రాఫర్డ్ (1922 - 1992) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు. గుండె నుండి దేహమంతటికీ రక్తాన్ని చేరవేసే బృహద్ధమని ఛాతీ నుండి పొట్ట వరకు ఉబ్బిపోయినపుడు, దానిని విప్పి కృత్రిమ నాళం అమర్చే పద్ధతులను తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు.

జీవితం

అలబామా రాష్ట్రంలో జన్మించాడు. 1946లో హార్వర్డ్ వైద్య కళాశాల నుండి పట్టా పొంది, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ పూర్తిచేశాడు. 1954లో హ్యూస్టన్ చేరి, బేలర్ వైద్య కళాశాలలో మైకేల్ డిబేకీ బృందంలో సభ్యుడయ్యాడు. ఆ తరువాత జీవితాంతం ఆయన కార్యక్షేత్రం హ్యూస్టన్ నగరమే.

బృహద్ధమని శస్త్రచికిత్స

ధమని గోడ బలహీనపడి ఉబ్బడాన్ని ఎన్యూరిజం అంటారు. అది పగిలితే రోగి బ్రతకడం అరుదు. అయితే దానిని సరిచేయడమూ ప్రమాదకరమే. శస్త్రచికిత్స కోసం ధమనిని బిగించి ఉంచినంతసేపూ వెన్నుపాముకు, మూత్రపిండాలకు రక్తం చాలదు. ఆలస్యమైతే రోగి ప్రాణాలతో బయటపడినా కాళ్ళు చచ్చుబడిపోవచ్చు.

మొదట్లో పొట్టలోని అవయవాలకు వెళ్ళే ఒక్కొక్క ధమనికీ విడివిడిగా గొట్టం కలిపేవారు. క్రాఫర్డ్ 1960లలో ఇందుకు సులువైన మార్గం కనిపెట్టాడు. ఉబ్బును చీల్చి, లోపలినుండే డేక్రాన్ నాళాన్ని అమర్చి, దానికి రంధ్రాలు చేసి, అవయవ ధమనుల మూలాలను నేరుగా వాటికి కుట్టాడు. దీనితో ఎంతో సమయం ఆదా అయింది. 1986లో ఆయన ప్రకటించిన నాలుగు తరగతుల వర్గీకరణను నేటికీ వైద్యులు వాడుతున్నారు. వీటిలో ఛాతీ పైభాగం నుండి పొట్ట దిగువ వరకు వ్యాపించే రెండవ తరగతి అత్యంత ప్రమాదకరమైనది.

ఏనుగు తొండం పద్ధతి

గుండె దగ్గర మొదలై క్రిందివరకూ బృహద్ధమని మొత్తం ఉబ్బినపుడు ఒకే దఫాలో అంతా మార్చడం చాలామంది రోగులు తట్టుకోలేరు. 1983లో జర్మనీ శస్త్రవైద్యుడు హాన్స్ బోర్స్ట్ రెండంచెల పద్ధతిని ప్రవేశపెట్టాడు. మొదటి దఫాలో పైభాగాన్ని, వంపును మార్చి, కొత్త నాళం కొసను క్రింది ధమనిలోకి వ్రేలాడదీస్తారు. కొంతకాలానికి ఎడమ ప్రక్క నుండి ఛాతీని తెరచి, ఆ కొసను అందుకొని మిగిలిన నాళాన్ని కలుపుతారు. పాత కుట్ల దగ్గర అతుక్కుపోయిన కణజాలాన్ని మళ్ళీ విడదీసే అవసరముండదు. తొండంలా వ్రేలాడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. ఈ పద్ధతిని విస్తృతంగా అమలుచేసి, 1990లో ఫలితాలను ప్రకటించినవారిలో క్రాఫర్డ్ బృందం ముఖ్యమైనది. దీనిలో ఒక చిక్కు మిగిలే ఉంది. రెండవ దఫా కోసం వేచి ఉన్న కాలంలోనే మిగిలిన ఉబ్బు పగిలి కొందరు మరణిస్తారు.

ఫలితాలు

క్రాఫర్డ్ తన వైఫల్యాలనూ లెక్కకట్టి ప్రకటించడం విశేషం. ఛాతీ, పొట్టలలో వ్యాపించిన ఉబ్బులకు 1960 - 1991 మధ్య శస్త్రచికిత్స పొందిన 1,509 మంది వివరాలు ఆయన మరణానంతరం 1993లో వెలువడ్డాయి. వారిలో 8 శాతం మంది నెలరోజులలోపు మరణించారు. 16 శాతం మందికి కాళ్ళు పూర్తిగానో కొంతగానో చచ్చుబడ్డాయి. రెండవ తరగతిలో ఇది 31 శాతం. వెన్నుపామును కాపాడేందుకు తరువాతివారు చేపట్టిన వెన్ను ద్రవం తొలగింపు వంటి ఉపాయాల ఫలితాలను ఈ అంకెలతోనే పోల్చి చూసేవారు. హ్యూస్టన్‌లో ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ కోసెల్లీ, హాజిమ్ సఫీ ఈ కృషిని కొనసాగించారు. క్రాఫర్డ్ వర్గీకరణకు ఐదవ తరగతిని చేర్చినది సఫీయే.