తోళ్ల బేరానికి వెళ్లిన గురువు

దళిత ఉద్యమాల చరిత్ర బోధిస్తున్నప్పుడు దాదాపు ప్రతి ఏడూ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఒంగోలు ప్రాంతపు మాదిగలు కరువులో కూటి కోసమే కదా క్రైస్తవంలోకి వెళ్లింది అని. కొందరు వెటకారంగా అడుగుతారు, కొందరు నిజంగా తెలుసుకోగోరి అడుగుతారు. మధ్యలో గోధుమపిండి, పాలపొడి ప్రస్తావనలూ వస్తుంటాయి. అవి మరో శతాబ్దపు వస్తువులని గుర్తుచేయడం నా వంతు. ఆ తర్వాత నేను ఒక మనిషి గురించి చెప్పడం మొదలుపెడతాను. ఆయన ఎర్రగుంట్ల పేరయ్య. మిషనరీల పుస్తకాలలో ఆయన పేరు పెరియాగా మారింది.

ఒంగోలుకు పడమటగా సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్ళకొండపాడు ఆయన ఊరు. ఆ ప్రాంతమంతా అప్పట్లో నెల్లూరు జిల్లా. చచ్చిన పశువును ఊరి నుంచి మోసుకుపోవడం, తోలు ఊనడం, చెప్పులు కుట్టడం, మోటబావికి తోలు సంచి సమకూర్చడం, జాతరకూ చావుకూ డప్పు కొట్టడం మాదిగవాడ విధులు. కళ్లంలో దొరికే గింజలు వాటికి ప్రతిఫలం. పేరయ్య ఈ పనుల మధ్యనే పుట్టి పెరిగి, తోళ్ల వ్యాపారం దాకా ఎదిగారు.

మిషన్ చరిత్రలు ఆయన జీవితాన్ని 1866 నుంచి ఆరంభిస్తాయి. నాకు అంతకు ముందటి పేరయ్య ముఖ్యం. యౌవనం నుంచే ఆయన అన్వేషి. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం అభ్యసించారు. రూపం లేని ఒకే పరమాత్మ, విగ్రహాల నిష్ప్రయోజనం, లోపలి సాధన ఆ మార్గంలోని ప్రధానాంశాలు. పోతులూరి వీరబ్రహ్మం ప్రభావం ఉన్న నేల అది. ఆయన శిష్యులలో మాదిగ కక్కయ్య ఉన్నాడని జనం చెప్పుకునే నేల. పేరయ్య శిష్యుడిగానే మిగిలిపోలేదు. తన కులంలో తానే గురువై, చుట్టుపక్కల పల్లెలలో శిష్యులను సంపాదించుకున్నారు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలో ఒక మాదిగ, గుడి అక్కరలేని దైవాన్ని గురించి బోధిస్తూ తిరిగాడన్నమాట. దీనిని తత్త్వచింతన అనడానికి మన విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ తటపటాయిస్తాయి.

తోళ్ల బేరం మీద ఉత్తరంగా గోదావరి జిల్లాల వైపు వెళ్లినప్పుడు ఆయనకు అక్కడి మిషనరీల బోధ చెవిన పడింది. తాను వెతుకుతున్నది ఇదేనని అనిపించింది. 1866లో ఆయనా, భార్య నాగమ్మా లైమన్ జ్యువెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. ఊరికి తిరిగివచ్చాక ఏ దొర కోసమూ ఎదురుచూడలేదు. పాత శిష్యులు, వియ్యంకులు, తోళ్లు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, వీరందరి ఇళ్లకూ ఆ మాట మోసుకెళ్లారు. ఆడవాళ్ల మధ్య నాగమ్మ పనిచేశారు. చరిత్ర ఆమెకు నాలుగు వాక్యాలకు మించి ఇవ్వలేదు.

జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. 1867 జనవరిలో ఆయన తాళ్ళకొండపాడు చేరేసరికి, అనేక పల్లెల నుంచి జనం తిండి మూటలూ బట్టలూ వెంటబెట్టుకుని వచ్చి చింతతోపులో కూర్చుని ఉన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాలుగు నెలల కిందట ఒంగోలు వచ్చిన అమెరికన్ ఆ జనాన్ని సిద్ధం చేశాడని నమ్మడం కష్టం.

ఒంగోలులో క్లౌ బడికి అప్పటికే బ్రాహ్మణుల, కోమట్ల పిల్లలు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పెద్దలు స్పష్టం చేశారు. క్లౌ దంపతులు విడివిడిగా బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే వచనం కనబడిందనీ, దానితో మాదిగల పక్షం నిలిచారనీ మిషన్ సాహిత్యం భక్తితో చెబుతుంది. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. ఆ భక్తిని నేను తక్కువ చేయను. అయితే ఆ దంపతుల ముందు అలాంటి ప్రశ్నను తెచ్చి నిలబెట్టింది చింతతోపులో కూర్చున్న జనమే.

చేరినవారికి నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. చదవడానికి ఇవి మతనియమాలు. పల్లెలో వీటి అర్థం వేరు. వారంలో ఒక రోజు తన చేతులు తనవేనని వెట్టివాడు ప్రకటించడం మొదటిది. రెండవది, అంటరానితనానికి సాకుగా చూపించే తిండిని తానే తోసిపుచ్చడం. మూడవదానితో జాతరలో డప్పు ఆగిపోయింది. గ్రామాధికారులు దీనిని వేదాంత చర్చగా తీసుకోలేదు. పనులు ఆపేశారు, నీళ్లు ఆపేశారు, కొట్టించారు, తప్పుడు కేసులు పెట్టించారు. ఇవాళ డప్పును ఆత్మగౌరవ పతాకగా ఎత్తుకున్న తరానికి చెందినవాణ్ణి కాబట్టి ఇక్కడ నాకు కొంత ఇబ్బంది ఉంది. పేరయ్య తరానికి గౌరవం డప్పు దించడంలో దొరికింది. ఊరు ఆజ్ఞాపించే డప్పు, మనం ఇష్టపడి మోగించే డప్పు ఒకటి కావని నాకు నేను చెప్పుకుంటాను.

ఇక కరువు సంగతి. అది 1876లో మొదలైంది. తాళ్ళకొండపాడు సమావేశానికి తొమ్మిదేళ్ల తర్వాత. అప్పటికే ఒంగోలు సంఘంలో సభ్యులు మూడు వేలు దాటారు. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ గుత్తకు తీసుకున్నారు. తెలుగు ప్రచారకులు మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. కూలీలు మట్టి మోశారు, కూలి తీసుకున్నారు. అది దానం కాదు. పైగా తిండి కోసం వచ్చారనే మాట పడకూడదని, ఆ రోజులలో బాప్తిస్మాలు పూర్తిగా నిలిపివేశారు. సహాయపు పనులు ముగిశాకనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది నీటిలో దిగారు. బాప్తిస్మమిచ్చినవారు తెలుగు పాదిరులే. ఆకలికి ఇందులో పాత్రే లేదని నేననను. కాలువగట్టు మీద తమ మనిషే మేస్త్రీగా నిలబడి తిట్టకుండా పని చెప్పడం చూసినవారికి అది చిన్న సంగతి కాదు. కానీ పేరయ్య నడిచిన పదేళ్లను తీసేసి కరువును మాత్రమే మిగల్చడం చరిత్ర కాదు.

ఆయన కథలో మనకు నచ్చనిదీ ఉంది. బంధుత్వాల దారిన పాకిన విశ్వాసం ఆ బంధుత్వాల పొలిమేర దగ్గరే ఆగింది. ఒంగోలు బాప్టిస్టు సంఘం ప్రధానంగా మాదిగల సంఘమైంది. గుంటూరు లూథరన్ సంఘంలో మాలలు అధికమయ్యారు. రెండు వాడల మధ్య గోడ చర్చిలోకీ వచ్చింది. ఇందుకు పేరయ్యను ఒక్కడినే నిలదీయలేం. మినహాయించనూ లేం.

ఆయన స్వయంగా రాసిన పుస్తకం నాకు తారసపడలేదు. మనకు దొరికేది ప్రధానంగా ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే ఆంగ్ల గ్రంథం. మాదిగల నోట విని శ్రద్ధగా రాశారామె. ఆ రుణం పెద్దది. అయితే ఆ పుస్తకంలో పేరయ్య యోగసాధన రాబోయే క్రైస్తవానికి ముందుమాటలా కనబడుతుంది. నేను దానిని తిరగేసి చదువుతాను. ఆ సాధనే లేకపోతే ఒంగోలులో ఆ ఉద్యమానికి ఆ రూపం వచ్చేది కాదు.

మొన్న ఇదంతా విన్నాక ప్రశ్న అడిగిన కుర్రవాడు తరగతి అయ్యాక నా గదికి వచ్చాడు. వాళ్లది కనిగిరి వైపు పల్లె. ఇంట్లో నాలుగు తరాలుగా చర్చికి వెళుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరుచుకుంది. మన దగ్గర క్రైస్తవ దళితులకు మిగిలింది బీసీ-సి, ఒక్క శాతం. కుర్రవాడి ధ్రువపత్రంలో హిందూ మాదిగ అని ఉంది. పేరయ్య గురించి పరిశోధన చేయవచ్చా అని అడిగాడు. చేయవచ్చన్నాను. సిద్ధాంత గ్రంథం ముందుమాటలో తన తాతముత్తాతల గురించి రాసుకోవచ్చా అని అడిగాడు. దానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.