అలీపూర్ ఏకాంత ఖైదులో అరవిందుడు

1908 మే 5న అలీపూర్ జైలులో అరవింద ఘోష్‌ను ఉంచిన గది పొడవు 9 అడుగులు, వెడల్పు ఐదారు అడుగులు. కిటికీ లేదు. ముందు ఇనుప ఊచల తలుపు, దాని ఆవల చిన్న ఆవరణ, చుట్టూ ఎత్తయిన ఇటుక గోడ. ఆ గోడకున్న కొయ్య తలుపు రంధ్రంలోంచి కావలివాడు ఖైదీని కనిపెడుతూ ఉండేవాడు.

1872 ఆగస్టు 15న కలకత్తాలో జన్మించిన అరవిందుడు ఏడేళ్ల వయసులో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో చదివారు. బరోడా సంస్థానంలో పదమూడేళ్లు పనిచేసి, 1906లో కలకత్తా చేరి ‘వందేమాతరం’ పత్రికకు ప్రాణం పోశారు. ముజఫర్‌పూర్ బాంబు ఘటన జరిగిన రెండు రోజులకు, 1908 మే 2న, తెల్లవారకముందే పోలీసులు ఆయనను నిర్బంధించారు.

జైలులో ఆయనకిచ్చిన సామగ్రి బహు స్వల్పం. ముఖం కడుక్కోవడానికీ, స్నానానికీ, పప్పు పోయించుకోవడానికీ, నీళ్లు తాగడానికీ ఒకే గిన్నె. రెండు ముతక కంబళ్లలో ఒకటి పరుపు, మరొకటి చుడితే తలగడ. మలవిసర్జనకు తారు పూసిన గంపలు ఆ గదిలోనే ఉండేవి, భోజనమూ అక్కడే. ముతక బియ్యపు అన్నంలో రాళ్లు, పురుగులు, వెంట్రుకలు. పప్పు నీళ్లే ఎక్కువ. వేసవిలో ఉక్క, వాన పడితే గదిలో నీరు. రాత్రి కావలివారు పదేపదే పిలిచి నిద్ర చెడగొట్టేవారు.

ఆ గదిని తపోవనంగా వర్ణించడం తరువాతి కాలంలో పరిపాటి అయింది. ఆయన ‘సుప్రభాత్’ పత్రికలో బెంగాలీలో రాసిన జైలు కథనం అంత సులువైన చిత్రం చూపదు. పుస్తకం లేదు, మాట్లాడే మనిషి లేడు. ఆలోచనలు అదుపు తప్పి, మతి చలిస్తుందేమోనని తొలి రోజుల్లో ఆయన భయపడ్డారు. గోడ పక్కన నల్లచీమలు ఎర్రచీమలపై దాడి చేస్తుంటే, ఎర్రవాటిని కాపాడుతూ పొద్దుపుచ్చారు. ఇంటినుంచి గీత, ఉపనిషత్తులు తెప్పించుకొనేందుకూ, గోశాల పక్కన ఉదయం, సాయంత్రం నడిచేందుకూ అధికారులు అనుమతించాకే కొంత ఊరట. ఆయన చెప్పిన ఆధ్యాత్మిక అనుభవాలు ఆ తరువాతివే.

కొంతకాలం సహనిందితులతో కలిసి ఉండనిచ్చారు. అయితే అప్రూవరుగా మారిన నరేన్ గోసాయిన్‌ను జైలులోనే ఇద్దరు ఖైదీలు కాల్చి చంపడంతో అందరికీ మళ్లీ ఏకాంత ఖైదే. 1909 మే 6న తీర్పు వచ్చింది. చిత్తరంజన్ దాస్ వాదనతో అరవిందుడు నిర్దోషిగా బయటపడ్డారు. ఆయన తమ్ముడు బారీంద్రకు, ఉల్లాస్కర్ దత్‌కు ఉరిశిక్ష పడి, అప్పీలులో ద్వీపాంతరవాసంగా మారింది. అండమాన్ జైలు చిత్రహింసలకు ఉల్లాస్కర్ మతి చలించగా, ఆయనను మద్రాసు మానసిక చికిత్సాలయానికి తరలించారు.

అరవిందుడు 1910 ఏప్రిల్‌లో పుదుచ్చేరి చేరారు. 1926 నవంబరు నుంచి తానుగా ఎంచుకున్న ఏకాంతంలో గడిపి, 1950 డిసెంబరు 5న అక్కడే కన్నుమూశారు.