శ్రామికుల సరసన నిలిచిన గురువు – ధన్యజీవి జెర్జీ పొపియెలుష్కో

పోలండు దేశపు ఈశాన్య మూలన సుఖొవోలా పట్టణానికి దగ్గరలో ఒకోపీ అనే చిన్న పల్లె ఉంది. ఆ ఊరిలో ఒక పేద రైతు కుటుంబంలో 1947 సెప్టెంబరు 14న, పవిత్ర సిలువ విజయోత్సవం నాడు, జెర్జీ పొపియెలుష్కో జన్మించారు. బాల్యంలో తెల్లవారకముందే లేచి, కొన్ని కిలోమీటర్లు నడిచి వెళ్లి సుఖొవోలా దేవాలయంలో పూజకు సేవ చేసేవారు. 1965లో వార్సా గురువిద్యాలయంలో చేరారు.

అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం గురువిద్యార్థులను బలవంతంగా సైన్యంలోకి తీసుకునేది. అక్కడి కష్టాలకు తాళలేక వారు తమ పిలుపును వదులుకుంటారని దాని ఆశ. జెర్జీ జపమాలను వదలలేదు. అందుకు ఎన్నో శిక్షలు పడ్డారు. ఆ రెండేళ్లలో పాడైన ఆరోగ్యం మళ్లీ పూర్తిగా కుదుటపడలేదు. 1972 మే 28న కార్డినల్ విషిన్‌స్కీ గారు ఆయనకు గురుపట్టం ఇచ్చారు. బక్కపలచని మనిషి, మెత్తని మాట. ఈయన ఒక ప్రభుత్వాన్ని కలవరపెడతారని అప్పుడు ఎవరనుకుంటారు?

1980 ఆగస్టులో పోలండు కార్మికులు సమ్మె కట్టారు. వార్సా ఉక్కు కర్మాగారంలోని వారు ఫ్యాక్టరీలోనే ఉండిపోయి, ఆదివారం పూజకు ఒక గురువును పంపమని కోరారు. ఆగస్టు 31న ఫాదర్ జెర్జీ వెళ్లారు. తనను ఎలా చూస్తారో, పూజాపీఠం ఎక్కడ పెట్టాలో, పాట ఎవరు పాడతారో అని దారి పొడవునా బెంగపడ్డారు. గేటు దగ్గర కార్మికులు రెండు వరుసలుగా నిలబడి చప్పట్లు కొడుతుంటే, వెనుక ఎవరో పెద్దమనిషి వస్తున్నారేమోనని తిరిగి చూశారట! ఆ రోజు నుండి ఆయన వారి మనిషి అయిపోయారు.

ఆ సమ్మెలనుండే సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. ఆ పేరుకు సంఘీభావం అని అర్థం. కొద్ది నెలల్లోనే దాదాపు కోటిమంది అందులో చేరారు. కాని 1981 డిసెంబరు 13న ప్రభుత్వం సైనిక శాసనం ప్రకటించింది. సంఘ నాయకులను వేలాదిగా నిర్బంధించింది. మూడు రోజుల తరువాత వుయెక్ బొగ్గుగనిలో సమ్మె చేస్తున్న కార్మికులపై కాల్పులు జరిపారు. 9 మంది మరణించారు. కార్మికుల పేరు చెప్పి పాలించే ప్రభుత్వమే 1982 అక్టోబరులో కార్మికుల సంఘాన్ని రద్దు చేసింది.

ఆ కష్టకాలంలో ఇతర దేశాల కార్మికులు ఊరుకోలేదు. ఐరోపా, అమెరికా కార్మిక సంఘాలు డబ్బు, సామగ్రి పంపాయి. 1982 జూన్‌లో ఫ్రాన్సు, నార్వే కార్మిక ప్రతినిధులు జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థలో పోలండు ప్రభుత్వంపై ఫిర్యాదు చేశారు. అదే నెల 15న రెండవ జాన్‌పాల్ పాపుగారు ఆ సంస్థ సభలోనే మాట్లాడుతూ, శ్రమించేవారి మధ్య సంఘీభావానికి సరిహద్దులు ఉండరాదని బోధించారు. సంఘంగా కూడుకోవడం కార్మికుల హక్కని అంతకు ముందు ఏడాదే తన విశ్వలేఖలో ఆయన స్పష్టం చేశారు.

దూరదేశాలనుండి ఫాదర్ జెర్జీ గారి విచారణకు చేరిన మందులు, ఆహారం, బట్టలను ఆయన నిర్బంధితుల కుటుంబాలకు, పని పోయినవారికి పంచారు. కార్మికులపై విచారణ జరిగే కోర్టులకు వెళ్లి, వారికి కనబడేలా కూర్చునేవారు. మీరు ఒంటరివారు కారని నోరు విప్పకుండానే చెప్పడం అది. ప్రతి నెలా చివరి ఆదివారం దేశం కొరకు పూజ అర్పించేవారు. వేలాది జనం దేవాలయంలో పట్టక వీధుల్లో నిలబడేవారు. చెడును మంచితో జయించాలన్న పునీత పౌలుగారి బోధయే ఆయన ప్రసంగాల సారం. పూజ ముగిశాక, ఎవరు రెచ్చగొట్టినా రెచ్చిపోకుండా ఇళ్లకు వెళ్లమని కోరేవారు.

ప్రభుత్వం మాత్రం ఆయన ద్వేషం రేపుతున్నారని నిందించింది. 1983 డిసెంబరులో ఆయన గదిలో తూటాలు పెట్టించి, అవి దొరికాయని అరెస్టు చేసింది. రోముకు చదువుకు పంపితే ప్రాణం దక్కుతుందని కొందరు పెద్దలు తలచారు. తన కార్మికులను విడిచి వెళ్లడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

1984 అక్టోబరు 19న బిద్‌గోష్ నగరంలో జపమాల ధ్యానం నడిపించి తిరిగి వస్తుండగా, ముగ్గురు రహస్య పోలీసు అధికారులు కారు ఆపారు. డ్రైవరు కదులుతున్న కారులోనుండి దూకి తప్పించుకున్నాడు. అతని వల్లనే సంగతి లోకానికి తెలిసింది. ఫాదర్‌ను కొట్టి, రాళ్లు కట్టి విస్తులా నదిలో పడవేశారు. అక్టోబరు 30న దేహం దొరికింది. అప్పటికి ఆయన వయసు 37 ఏళ్లు. నవంబరు 3న లక్షలాది జనం మధ్య ఆయనను తన విచారణ దేవాలయం ఆవరణలోనే సమాధి చేశారు. పగ తీర్చుకోవాలని ఎవరూ రాయి ఎత్తలేదు. కన్నతల్లి మరియన్నా హంతకులను క్షమించింది.

మరి దూరదేశాల సంఘీభావం ఏం సాధించింది? ఆయన ప్రాణాన్ని కాపాడలేకపోయింది. జెనీవా సంస్థ నియమించిన సంఘం 1984లో ప్రభుత్వం తప్పు చేసిందని తేల్చగా, దిద్దుకోవడానికి బదులు పోలండు ఆ సంస్థనుండే వైదొలగుతానని నోటీసు ఇచ్చింది. అయినా సాయం ఆగలేదు. 1986లో రెండు అంతర్జాతీయ కార్మిక సమాఖ్యలు, రద్దయిన సాలిడారిటీని తమ సభ్యసంఘంగా చేర్చుకున్నాయి. 1989 ఏప్రిల్‌లో ఆ సంఘానికి మళ్లీ చట్టబద్ధత వచ్చింది. ఒంటరిగా వదిలేసి ఉంటే అది అన్నేళ్లు నిలిచేదా?

2010 జూన్ 6న వార్సాలో శ్రీసభ ఆయనను వేదసాక్షిగా, ధన్యజీవిగా ప్రకటించింది. వృద్ధురాలైన తల్లి ఆ పూజలో పాల్గొన్నది. 2014లో ఆయన సాలిడారిటీ సంఘానికి పాలక పునీతుడయ్యారు.

ప్రియ పాఠకులారా, న్యాయమైన కూలి అడిగినందుకు, సంఘం పెట్టినందుకు దెబ్బలు తినేవారు నేటికీ అనేక దేశాల్లో ఉన్నారు. వారి ముఖాలు మనకు తెలియవు. పోలండుకు మందులు పంపినవారికి కూడా ఆ ఇళ్లవారి ముఖాలు తెలియవు. అక్టోబరు 19న ఈ ధన్యజీవి పండుగనాడు మన కుటుంబ జపమాలలో ఒక పదిని ఆ కార్మికుల కొరకు చెప్పుకుందాం. వారి వార్త చెవిన పడినప్పుడు, అది మనకెందుకని మాత్రం పక్కకు తిరగవద్దు.