క్యాంపుల్లో గడిచిన బాల్యం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు అడిగితే నేను మొజార్ట్‌ను ఎంచుకున్నాను. పాశ్చాత్య సంగీతంలో నాకు ప్రవేశం లేదు. కాని సెలవు, టి.ఏ. బిల్లు, ఫ్యామిలీ పెన్షన్ బాగా తెలుసు. ఈ మూడూ ఆయన కథలో ఉన్నాయి.

మొజార్ట్ 1756 జనవరి 27న, ఇప్పటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో జన్మించాడు. ఆ సంస్థానానికి ఆర్చిబిషప్పే ప్రభువు. తండ్రి లియోపోల్డ్ ఆయన కొలువులో సంగీత విద్వాంసుడు. అంటే మనలాగే నెల జీతం మీద బతికిన మనిషి. పిల్లలిద్దరూ పసితనంలోనే అద్భుతంగా వాయిస్తుంటే ఆయన సెలవు తీసుకుని, 1763 జూన్ 9న భార్యాపిల్లలతో గుర్రపుబండిలో బయలుదేరాడు. అప్పటికి మొజార్ట్‌కు ఏడేళ్లు, అక్క నానెర్ల్‌కు పదకొండు.

ప్రయాణం మొదట్లోనే చక్రం విరిగింది. బండి బాగయ్యేలోగా తండ్రి పిల్లవాణ్ణి ఆ ఊరి చర్చికి తీసుకువెళ్లి, కాళ్లతో కూడా ఆర్గన్ వాయించడం చూపించాడు. వాడు వెంటనే పట్టేశాడు. మ్యూనిక్, పారిస్, లండన్, హేగ్ తిరిగి ఇల్లు చేరేసరికి 1766 నవంబరు 29 అయింది. మూడున్నర ఏళ్ల క్యాంపు!

ఖర్చులకు టి.ఏ. ఇచ్చేవారు లేరు. కచేరీల రాబడితోనే బండి, బస, భోజనం. ప్రభువులు చాలాసార్లు రొక్కానికి బదులు గడియారాలు, నస్యం డబ్బీలు బహూకరించేవారు. హేగ్‌లో 1765లో ముందు అక్కకు, తర్వాత తమ్ముడికి విషజ్వరం వచ్చింది. నానెర్ల్‌కు మతాచార్యులు అంతిమ సంస్కారం కూడా జరిపించారు. దైవవశాన ఇద్దరూ బతికారు. 1767లో వియన్నా వెళ్లినప్పుడు ఇద్దరికీ మశూచి సోకింది. తండ్రి గడువుకు తిరిగి రాలేదని 1768 మార్చిలో జీతం ఆపేశారు. మన భాషలో లాస్ ఆఫ్ పే.

1769 డిసెంబరులో తండ్రీకొడుకులు ఇటలీకి వెళ్లారు. పద్దెనిమిదేళ్ల నానెర్ల్‌ను తల్లితో ఇంట్లో ఉంచేశారు. అంతటితో ఆమె కచేరీ యాత్రలు ముగిశాయి.

1777లో కొత్త ఆర్చిబిషప్ వద్ద సెలవు దొరకలేదు. ఇరవై ఒక్కేళ్ల మొజార్ట్ ఉద్యోగం వదిలేశాడు. తండ్రి వదులుకోలేక ఆగిపోయి, తోడుగా తల్లిని పంపాడు. పారిస్‌లో కొడుకు పని కోసం తిరుగుతుంటే ఆమె చీకటి గదిలో ఒంటరిగా రోజులు గడిపింది. 1778 జూలై 3న అక్కడే కన్నుమూసింది. ఆ రాత్రి మొజార్ట్ తండ్రికి, అమ్మకు జబ్బు ఎక్కువగా ఉందని మాత్రమే రాశాడు. నాన్నగారి మనసు సిద్ధం చేయమని ఒక కుటుంబ మిత్రుడికి అసలు సంగతి రాశాడు. ఇది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మ పోయిన నాడు నేనూ క్యాంపులోనే ఉన్నాను. నాకొచ్చిన టెలిగ్రాంలో కూడా సీరియస్ అనే ఉంది.

1781లో మొజార్ట్ ఆర్చిబిషప్ కొలువు పూర్తిగా విడిచి వియన్నాలో స్థిరపడ్డాడు. 1787లో చక్రవర్తి కొలువులో ఏడాదికి 800 గిల్డర్ల ఉద్యోగం దొరికింది. 1791 డిసెంబరు 5న, ముప్ఫై అయిదేళ్లకే మరణించాడు. సర్వీసు చాలకపోయినా, భార్య కాన్‌స్టాంజ్ పెట్టుకున్న అర్జీపై 1792లో చక్రవర్తి జీతంలో మూడోవంతు పెన్షన్ మంజూరు చేశాడు. ఇద్దరు చిన్నపిల్లలతో ఉన్న ఆమెకు అది ఎంత ఆసరాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆయన బతికిన ముప్ఫై అయిదేళ్లలో దాదాపు పదేళ్లు ప్రయాణాల్లోనే గడిచాయి. మా మనవరాలు వయొలిన్ నేర్చుకుంటోంది. మొన్న జ్వరంతోనే పోటీకి బయలుదేరదీస్తుంటే, ఈసారికి వద్దన్నాను. మా అబ్బాయి కాసేపు గునిసినా చివరికి టిక్కెట్లు రద్దు చేశాడు.