సేవకు బడి కట్టిన ఆలిస్ సాలొమన్

కిందటేడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో మేము ఒక ఊళ్ళో వీధి కుళాయి పక్కన బట్టలు ఉతుక్కోవడానికి సిమెంటు గట్టు కట్టాం. వారం రోజులు ఎండలో ఇసుక మోశాం. చిన్నప్పటి నుంచీ నాన్నతో మిరప చేలో పనిచేసినవాణ్ణి కనుక నాకది కష్టమనిపించలేదు సరికదా, గర్వంగా ఉండేది. మూడు నెలల తర్వాత వెళ్ళి చూస్తే గట్టు మీద పిడకలు ఆరుతున్నాయి. ఎదురుగానే రచ్చబండ, పొద్దస్తమానం మగవాళ్ళు కూర్చునే చోట ఆడవాళ్ళు బట్టలెలా ఉతుకుతారని ఒక అవ్వ నవ్వుతూ అడిగింది. కట్టేముందు ఆ మాట ఒక్కరినైనా అడగాలని మాకెవరికీ తోచలేదు.

ఈ సంగతి హాస్టల్లో చెప్పుకుని సిగ్గుపడుతుంటే, సోషల్ వర్క్ చదువుతున్న మా సీనియర్ ఒకాయన ఆలిస్ సాలొమన్ జీవితం చదవమన్నాడు. చదివాను. మిత్రులతో పంచుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆలిస్ 1872లో బెర్లిన్ నగరంలో ఒక యూదు వర్తకుల ఇంట పుట్టింది. కలిగినవాళ్ళ ఆడపిల్లలు కొద్దిపాటి చదువుతో ఆగి, పెళ్ళి కోసం ఎదురుచూడవలసిన కాలమది. ఆమెకు ఆ ఖాళీతనం భరించరానిదయింది. 1893లో బెర్లిన్‌లో యువతుల కోసం ఒక సేవాసంఘం మొదలైతే వెంటనే అందులో చేరింది. అప్పటికామెకు 21 ఏళ్ళు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద!

పేదవాడల్లో తిరుగుతున్నకొద్దీ ఆమెకు ఒక విషయం తెలిసొచ్చింది. జాలిగుండె ఉన్నంత మాత్రాన సాయం చేయడం చేతకాదు. కూలి ఎందుకు చాలడం లేదో, చట్టం ఏం చెబుతోందో, జబ్బు ఎలా వ్యాపిస్తోందో తెలియకుండా పెట్టే ముద్ద ఆ పూటకే సరి. సంఘానికి పెద్దదిక్కయిన జెనెట్ ష్వెరిన్ 1899లో చనిపోగా, ఆ బాధ్యత ఆలిస్ మీద పడింది. అదే ఏడాది సేవ చేయదలచిన యువతులకు ఏడాదిపాటు సాగే శిక్షణ తరగతులు మొదలయ్యాయి.

ఇతరులకు చదువు చెప్పాలంటే ముందు తాను చదవాలి కదా! యూనివర్సిటీలో చేరడానికి కావలసిన పరీక్ష ఆమె రాయలేదు. పైగా ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్ళను పూర్తిస్థాయి విద్యార్థులుగా చేర్చుకునేవారు కారు. ఆమె 1902 నుంచి బెర్లిన్ యూనివర్సిటీలో అతిథిగా కూర్చుని పాఠాలు విన్నది. తాను రాసి అచ్చువేయించిన వ్యాసాలనే అర్హతగా చూపి, 1906లో డాక్టరేట్ పుచ్చుకుంది. ఆమె పరిశోధించింది మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ కూలి సమానంగా ఎందుకు లేదన్న విషయం. ఇది చదివినప్పుడు మా చేలో మగకూలి, ఆడకూలి లెక్కలు నేనే పుస్తకంలో వేర్వేరుగా రాసే సంగతి గుర్తుకొచ్చింది. ఎందుకిలా అని ఒక్కనాడైనా నాన్నను అడగలేదు.

1908లో బెర్లిన్ షోనెబెర్గ్‌లో ఆమె మహిళల కోసం సోషల్ వర్క్ పాఠశాల తెరిచింది. కోర్సు రెండేళ్ళు. క్లాసులో ఆర్థికశాస్త్రం, చట్టం, ఆరోగ్యం. బయట పేదల ఇళ్ళలో, శిశు కేంద్రాల్లో పని. మా కెమిస్ట్రీకి ల్యాబ్ ఎలాగో ఆ చదువుకు వాడలు అలాగ. సాయం అనేది ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు వేసే భిక్ష కాదనీ, సమాజం తీర్చవలసిన బాకీ అనీ ఆమె విద్యార్థినులకు నేర్పింది. 1925లో పై చదువుల కోసం ఒక మహిళా అకాడమీ పెట్టింది. 1929లో సోషల్ వర్క్ విద్యాలయాల అంతర్జాతీయ కమిటీ ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆమే. 1932లో అరవయ్యో పుట్టినరోజున బడికి ఆమె పేరు పెట్టారు. బెర్లిన్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

మరుసటి ఏడాదికల్లా అంతా తలకిందులయింది. 1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. ఆలిస్ అంతకు చాలాకాలం ముందే, 1914లో, క్రైస్తవం పుచ్చుకున్నా నాజీల లెక్కలో యూదురాలే. పదవులన్నీ పోయాయి. అకాడమీలోని యూదు సహచరులను తన చేతులతో బయటికి పంపడం ఇష్టంలేక ఆ సంస్థనే రద్దు చేయించింది. ఎన్నో ఏళ్ళు పెంచిన చెట్టును తానే నరుక్కోవడమంటే ఎంత కడుపుకోతో రైతుబిడ్డగా నాకు తెలుసు. 1937లో గెస్టాపో పిలిపించి గంటల తరబడి ప్రశ్నించింది, దేశం విడిచిపొమ్మంది. 65 ఏళ్ళ వయసులో ఆమె న్యూయార్క్ చేరింది. 1939లో జర్మన్ పౌరసత్వం, డాక్టరేట్ కూడా లాగేసుకున్నారు. అక్కడే తన ఆత్మకథ రాసుకుంది గాని అచ్చులో చూసుకోలేదు. 1948 ఆగస్టులో, దాదాపు ఒంటరిగా కన్నుమూసింది. ఆ పుస్తకం జర్మన్ భాషలో 1983లో వెలువడింది. ఆమె తెరిచిన బడి నేడు బెర్లిన్‌లో ఆమె పేరుతోనే ఉన్నత విద్యాలయంగా నడుస్తోంది.

మన దేశంలో తొలి సోషల్ వర్క్ విద్యాలయం 1936లో బొంబాయిలో, టాటాల ట్రస్టు సాయంతో మొదలైంది. ఇప్పుడు మన విద్యార్థులకు ఆ చదువు అందుబాటులోనే ఉంది. డిగ్రీ అయ్యాక అందులో చేరతానంటే నాన్న ఒప్పుకోలేదు. ఊరికి మంచి చేయడానికి రెండేళ్ళ చదువెందుకురా, బి.ఎడ్. చేస్తే ఉద్యోగమైనా వస్తుంది అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. చేతికి రాని పంట మీద అప్పు చేసినవాడి భయం అది. కాని అదే నాన్న, విత్తే ముందు మట్టిని పరీక్షకు పంపుతాడు, పక్క రైతును అడుగుతాడు, మబ్బు చూస్తాడు. మనసు మంచిదైతే చాలు, విత్తనం మొలుస్తుందని ఏనాడూ అనుకోలేదు. మనుషుల సంగతి మట్టికంటే తేలికా?

అప్లికేషన్ నింపి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆ గట్టు సంగతి నాన్నకు దాచకుండా చెబుతాను. తర్వాత కూలి లెక్కల పుస్తకం తీసి, ఇన్నాళ్ళూ అడగని ఆ ప్రశ్న కూడా అడుగుతాను.