పూలలోయ బాటసారి – ఫ్రాంక్ స్మైత్

ఫ్రాంక్ స్మైత్ 1900 జూలై 6వ తేదీన ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ పట్టణంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని కోల్పోయాడు. ఆరోగ్యం అంతంతమాత్రం. విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించి, వైమానిక దళంలో చేరినా అనారోగ్యం వల్ల అక్కడ నిలువలేకపోయాడు. అటువంటి దుర్బల దేహుడు పర్వతారోహణలో ప్రపంచఖ్యాతి పొందడం విశేషం. రచన, ఛాయాగ్రహణం అతని జీవనోపాధులు.

1931 జూన్‌లో స్మైత్ నాయకత్వాన ఒక బృందం గఢ్వాల్ హిమాలయాలలోని కామెట్ శిఖరాన్ని అధిరోహించింది. దాని ఎత్తు 7,756 మీటర్లు. అప్పటివరకు మానవుడు చేరుకున్న శిఖరాలలో అదే అత్యున్నతమైనది. తిరుగు ప్రయాణంలో వారు వర్షంలో, పొగమంచులో ఒక కనుమ దాటి భ్యుందార్ లోయలోకి దిగారు. ప్రవరుని వలె పాదలేపన మహిమతో వచ్చినవారు కారు. కాలినడకన, అలసి సొలసి వచ్చినవారు. ఎదుట కనుచూపు మేర పూలు! అడుగు వేస్తే ఏ పువ్వు నలుగుతుందోనని సంకోచించవలసిన స్థితి.

ఆ దృశ్యం స్మైత్‌ను విడువలేదు. 1933లో ఎవరెస్టుపై ప్రాణవాయువు సిలిండరు లేకుండా, ఒంటరిగా 8,500 మీటర్లు దాటి వెళ్లినవాడు, 1937లో పూలకోసం మళ్లీ ఆ లోయకే వచ్చాడు. గుడారం వేసుకొని ఆ వర్షకాలంలో కొన్నాళ్లు అక్కడ గడిపాడు. లోయ అంచున భూర్జవృక్షాలు. మన పూర్వులు గ్రంథాలు వ్రాసుకొన్న భూర్జపత్రాలు ఈ జాతి చెట్ల బెరడే. వాటికి పైన చెట్లు లేవు, పచ్చిక బయళ్లు మాత్రమే. ఏడాదిలో సగానికి పైగా మంచు కప్పి ఉండే ఆ నేలలో మొక్కలు మూడు, నాలుగు నెలల్లోనే మొలిచి, పూచి, విత్తనం రాల్చాలి. అందుచేత వారం వారం లోయ రంగు మారుతుంది. గసగసాల కుటుంబానికి చెందిన నీలిపువ్వు, నాగుపాము పడగవంటి పువ్వు, రాళ్ల నడుమ ఎత్తున వికసించే బ్రహ్మకమలం అక్కడి సంపద. స్మైత్ సుమారు 250 రకాల మొక్కలను, విత్తనాలను సేకరించాడు.

ఆ వేసవిలోనే మరొక ఘటన జరిగింది. పరిసరాలలోని మంచుపై పెద్ద అడుగుజాడలు కనిపించాయి. వెంట ఉన్న షెర్పాలు అవి మంచుమనిషివని భయకంపితులైనారు. స్మైత్ వారిని పరిహసించలేదు, వారి మాటను నమ్మనూ లేదు. జాడలను కొలిచి, ఛాయాచిత్రాలు తీసి, వాటి వెంట కొంత దూరం నడిచాడు. చిత్రాలను పరిశీలించిన జంతుశాస్త్రజ్ఞులు అవి ఎలుగుబంటివని తేల్చారు. ఆ లోయలో ఎలుగుబంట్లే కాక మంచుచిరుత, కస్తూరిమృగం, భరల్ అనే కొండగొర్రె కూడా సంచరిస్తాయి.

1938లో అతడు ఈ యాత్రను గ్రంథంగా ప్రకటించాడు. పూలలోయ అనే పేరు ప్రపంచమంతటా వ్యాపించింది. లోయను కనుగొన్న కీర్తి అతనికే దక్కింది. నిజానికి ఆ పరిసర గ్రామాల గొర్రెల కాపరులకు అది తరతరాలుగా తెలిసిన మేతభూమి. స్మైత్ ఆ లోయకు ఇచ్చింది ఖ్యాతి మాత్రమే. ఆ పూలకోసమే వచ్చిన వృక్షశాస్త్రజ్ఞురాలు జోన్ మార్గరెట్ లెగ్ 1939 జూలైలో బండపై కాలుజారి మరణించింది. ఆమె సమాధి నేటికీ అక్కడే ఉంది.

రెండవ ప్రపంచయుద్ధంలో స్మైత్ సైనికులకు పర్వతయుద్ధ శిక్షణ ఇచ్చాడు. 1949లో మళ్లీ హిమాలయాలకు వచ్చి డార్జిలింగ్‌లో జబ్బుపడ్డాడు. మలేరియా ముదిరింది. స్వదేశానికి చేర్చినా ఫలితం లేకపోయింది. జూన్ 27న, 49వ ఏడు నిండకుండానే కన్నుమూశాడు.

1982లో ఆ లోయ జాతీయ ఉద్యానవనమైంది. పశువుల మేత నిషిద్ధమైంది. 2005లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. అయితే మందలు రావడం ఆగిన తరువాత, స్థానికులు అమేలా అని పిలిచే ఏపైన మొక్క దట్టంగా అల్లుకొని పొట్టి పూలమొక్కలకు ఎండ తగలనీయకుండా చేసింది. మేత ఆగడమే దీనికి కారణమని కొందరు, కాదని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. వాదం ఎటు తేలినా, ఒకనాడు మందలు తిరిగిన ఆ నేలలో అటవీశాఖ వారు ఆ మొక్కను మనుషుల చేత పీకించవలసి వచ్చింది.